నలభై ఐదు నాన్నవి, ఐదు నావి

మా వీధి చివర టౌన్‌హౌస్‌లో ఉండే శిరీష ప్రతి శనివారం మధ్యాహ్నం నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వస్తుంది. వాళ్ళది కరీంనగర్. మొగుడికి ఇక్కడ కెనడాలో, కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడే ఉండిపోయేందుకు పీఆర్‌కి అప్లై చేయాలంటే ఈ పిల్లకి లాంగ్వేజ్ టెస్టులో మంచి స్కోరు రావాలట. నేను రిటైరై నాలుగు కథలు రాసుకుంటూ కూర్చున్నదాన్ని, ఎవరైనా తలుపు కొడితే నాకు పండగే. మొన్న వచ్చి, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, టీ కూడా వద్దని పుస్తకం తెరిచింది. "ఆంటీ, అన్నీ సమజైతున్నయ్ గానీ ఈ బీయింగ్ ఒక్కటి పరేషాన్ చేస్తున్నది. వైల్ తర్వాత బీయింగ్, ఆఫ్టర్ తర్వాత బీయింగ్, రిమెంబర్ తర్వాత కూడా బీయింగేనట. ఒక్క ఎగ్జాంపుల్ చెప్పరాదు" అంది. ఓస్ ఇంతేనా అనుకుని నోరు తెరిచాను. నోట్లోంచి ఊడిపడింది: "ఐ రిమెంబర్ బీయింగ్ బీటెన్." దెబ్బలు తినడం నాకు గుర్తుంది. ప్రపంచంలో ఇన్ని క్రియలుండగా నాకు ఇంకోటి తోచలేదు. శిరీష పకపకా నవ్వింది. "మా సార్ కూడా అన్నీ కొట్టుడు ఎగ్జాంపుల్సే చెప్తుండె ఆంటీ!" నేనూ నవ్వాను గానీ, పెన్ను పట్టుకున్న వేళ్ళు చల్లబడిపోయాయి. ఆ పిల్ల వెళ్ళాక సింకు దగ్గర టీ కప్పు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అరవై దాటిన మనిషిని, మనవరాలున్నదాన్ని, మా నాన్న పోయి ఆరేళ్ళయింది, ఇప్పటికీ భయమేమిటి నా మొహం!

మేము తెనాలి నుంచి ఎటోబికో వచ్చేనాటికి నాకు పదమూడు, మా చెల్లి లల్లికి ఏడు. విమానాలు నెత్తిమీద నుంచే దిగుతున్నట్టుండే ఒక అపార్ట్‌మెంట్లో పన్నెండో అంతస్తు. తెనాలిలో మా నాన్న ఇంగ్లీషు మాస్టారు. మామూలు మాస్టారు కాదు, గ్రామర్ మాస్టారు. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలని పక్క ఊళ్ళనుంచి సైకిళ్ళమీద వచ్చేవాళ్ళు. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే వరండాలో నలభై మంది ఒక్కసారిగా నోళ్ళు మూసేవాళ్ళు. అలాంటి మనిషి డిగ్రీలు ఇక్కడ ఎవరికీ అక్కరలేకపోయాయి. ఎయిర్‌పోర్టు దగ్గర బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని దొరికింది. తలకి వల టోపీ పెట్టుకుని, ట్రేలు తోసే పని. మేము లేవకముందే వెళ్ళి మధ్యాహ్నం మూడున్నరకి వచ్చేవాడు. ఆయనకంటే ముందు పులిసిన పిండి వాసన లోపలికొచ్చేది. అమ్మ ఆ చొక్కాలు విడిగా బకెట్లో నానబెట్టేది. ఎన్నిసార్లు జాడించినా ఆ వాసన వదిలేది కాదని విసుక్కునేది.

ఇంటికొచ్చి స్నానం చేసి, కాఫీ తాగి, సరిగ్గా నాలుగున్నరకి నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కునేవాడు. జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్రది. ఎక్కడికో వెళ్ళడానికి కాదు. వంటింటి టేబుల్ దగ్గర నాకు గ్రామర్ చెప్పడానికి. ఆ గంటన్నర సేపు ఆయన మళ్ళీ తెనాలి మాస్టారు. నేను నలభై మంది పిల్లల బదులు ఒక్కదాన్నే కూర్చునేదాన్ని, నలభై మందికి పడాల్సినవన్నీ నాకే పడేవి. టేబుల్ మీద కుడిచేతి పక్కన చెక్క స్కేలు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు దాన్ని. తప్పుకొకటి, అరచేతిమీద. పగబట్టి కొట్టేవాడు కాదు, కోపంగా కూడా కొట్టేవాడు కాదు. కామా పెట్టినంత మామూలుగా కొట్టేవాడు. తెనాలిలో అందరి పిల్లలూ తినేవాళ్ళు గనక నాకెప్పుడూ వింతనిపించలేదు. ఇక్కడికొచ్చాకే, బళ్ళో ఎవరూ ఎవర్నీ ముట్టుకోని చోటునుంచి ఇంటికొచ్చి చెయ్యి చాపాల్సి వచ్చాకే, నాకు కడుపులో నొప్పి మొదలైంది. మూడున్నరకి తాళంచెవి తిరిగిన చప్పుడు వినపడగానే బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. అమ్మ వాము నీళ్ళు పట్టేది. నాకు వాము కాదు కావలసిందని చెప్పే ధైర్యం నాకెక్కడిది!

పాఠం ఎప్పుడూ అదే. "వైల్, వెన్, ఆఫ్టర్, బిఫోర్, వితౌట్. వీటి వెనక కర్త మాయమైపోతాడు, బీయింగ్ వచ్చి కూర్చుంటుంది, దాని వెనక క్రియ మూడో రూపం. రిమెంబర్, హేట్, అవాయిడ్, వీటి వెనకా అంతే. అను!" అనేదాన్ని. ఉదాహరణలు ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, మా నాన్న ఉదాహరణల్లో సుఖపడ్డ మనిషి ఒక్కడు లేడు. కుక్క తరుముతుండగా కుర్రాడు నూతిలో పడ్డాడు. దెబ్బలు తిన్నాక దొంగ నిజం ఒప్పుకున్నాడు. ఉద్యోగంలోంచి పీకేయబడ్డ గుమాస్తా ఏడ్చాడు. తండ్రి చేత కొట్టబడటం ఆ పిల్లవాడికి ఇష్టం లేదు. ఒకసారి ధైర్యం చేసి, "నాన్నా, పువ్వుల మీదా పళ్ళ మీదా చెప్పొచ్చుగా" అన్నాను. "పువ్వు కోయబడింది అంటే ఎవడికి గుర్తుంటుందే? క్రియకి దెబ్బ ఉండాలి, అప్పుడు బుర్రలో దిగుతుంది" అన్నాడు. ఆయనకి ఆయన మాస్టారు అలాగే చెప్పాడట. ఆ మాస్టారికి ఇంకెవరో చెప్పి ఉంటారు. మన గ్రామర్ పుస్తకాల నిండా ఎన్ని దెబ్బలున్నాయో లెక్కేసినవాళ్ళెవరూ లేరు, మనకవి దెబ్బల్లా కనపడితే కదా.

ఆదివారాలు మూర్తి అంకుల్ కాఫీకి వచ్చేవాడు. మాకంటే నాలుగేళ్ళు ముందొచ్చాడు గనక కెనడా మొత్తం ఆయనకే తెలిసినట్టు మాట్లాడేవాడు. "ఇక్కడ పిల్లలమీద చెయ్యి వేస్తే అయిపోయావన్న మాటే మాస్టారూ. టీచరు ఫోన్ కొడుతుంది, పిల్లల సంరక్షణ ఆఫీసు వాళ్ళొస్తారు, పిల్లల్ని కారెక్కించుకుపోయి ఎవరింట్లోనో పెట్టేస్తారు. మళ్ళీ చూపించరు. అక్కడ గొడ్డుమాంసం పెడతారు, తెలుగు మర్చిపోతారు" అనేవాడు. అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయేది. "మనది కొట్టడం కాదయ్యా, చెప్పడం" అనేవాడు నాన్న, అసలు ఆ మాట తనకి సంబంధించిందే కాదన్నట్టు. అమ్మ మాత్రం ఆ రాత్రి లల్లిని పక్కలోకి లాక్కుని పడుకునేది. నేను ఇవతల మంచం మీద పడుకుని, కారెక్కించుకుపోవడమంటే ఎలా ఉంటుందో, కిటికీలోంచి అమ్మ కనపడుతుందో కనపడదో ఆలోచించుకుంటూ ఉండేదాన్ని.

ఆ వసంతంలో బళ్ళో ఒక పరీక్ష ఉందన్నారు. అది గట్టెక్కితే నా వయసు పిల్లలతో పై తరగతికి పంపుతారు, లేకపోతే కొత్తగా వచ్చినవాళ్ళ క్లాసులోనే మళ్ళీ ఏడాది. నాన్నకి అది పరువు సమస్య. "తెనాలి మాస్టారి కూతురు ఇంగ్లీషులో తప్పడమా!" ఒక కొత్త నోటుబుక్కు తెచ్చి, యాభై వాక్యాలన్నాడు. నలభై ఐదు డిక్టేట్ చేశాడు, మిగిలిన ఐదూ సొంతంగా రాయమన్నాడు. శుక్రవారం చూస్తానన్నాడు. నేను రెండు రోజులు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చున్నాను. కుక్కా, నుయ్యీ, దొంగా అన్నీ ఆయనే వాడేశాడు. నాకేం మిగిలింది? నాకు తెలిసిందే రాశాను. స్కేలుతో దెబ్బలు తినడం నాకు గుర్తుంది. పిలవకముందే నాకు కడుపునొప్పి వస్తుంది. తిట్లు తింటున్నప్పుడు నేను వంటింటి గోడమీది పింగాణీ పలకలు లెక్కపెడతాను. వచ్చే ఏడు పాఠం మొదలయ్యాక చెల్లి కూడా దెబ్బలు తినడం నేను చూడలేను. అయిదోది, మెప్పు పొందినట్టు నాకు కలలొస్తాయి. ఒట్టు, అవి ఫిర్యాదులని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు. బీయింగ్ సరైన చోట పడిందా, మూడో రూపం సరిగ్గా ఉందా, అదే నా బెంగ. పైగా ఒక తెలివైన పని చేశాను. నాన్న చూసేలోగా మా బడి టీచరు చేత దిద్దించుకుంటే ఒక్క దెబ్బ కూడా పడదు కదా అని, శుక్రవారం పొద్దున్నే ఆ నోటుబుక్కు తీసుకెళ్ళి మిస్ హార్లీ చేతిలో పెట్టాను.

ఆవిడ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఊదారంగు స్వెట్టర్లో ఉండేది. లంచ్ అయ్యాక నన్ను బయటికి పిలిచింది. నోటుబుక్కు రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుని ఉంది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవన్నీ నువ్వే రాశావా?" అని ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను. "కరెక్టేనా మిస్?" అనడిగాను ఆశగా. "అన్నీ కరెక్టే" అంది. ఆ ఒక్క మాటకి నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ప్రిన్సిపాల్ గదిలోకి తీసుకెళ్ళింది. లోపల ఎవరెవరో ఫోన్లలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. చివరికి మిస్ హార్లీ నా ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఈ సాయంత్రం ఒకావిడ మీ ఇంటికొస్తుంది, మీతో మాట్లాడుతుంది, నువ్వేం తప్పు చేయలేదు, భయపడకు అని చెప్పింది. నోటుబుక్కు తిరిగి ఇవ్వలేదు. మూర్తి అంకుల్ మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

లల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను. దారిలో పోయే ప్రతి కారునీ చూశాను, ఇదేనా, ఇదేనా అని. ఎలివేటర్లో లల్లి ఎప్పటిలా అన్ని బటన్లూ నొక్కింది. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో నిలబడి ఉంటారని గోడకి అతుక్కుపోయాను. ఇంట్లో అమ్మ వంకాయ వేయిస్తోంది. కిటికీ తెరిచి, పొగ అలారం మోగకుండా తువ్వాలుతో విసురుతోంది. చెప్పేద్దామని వంటింటి గుమ్మందాకా వెళ్ళాను. "ఏంటే, మొహం అలా ఉంది? నొప్పా?" అంది. ఊఁ అన్నాను. మళ్ళీ వాము నీళ్ళు. మూడున్నరకి తాళంచెవి తిరిగింది. నాలుగున్నరకి తెల్లచొక్కా. నాన్న టేబుల్ దగ్గర కూర్చుని, "యాభై తే" అన్నాడు.

"నోటుబుక్కు బళ్ళో ఉంది నాన్నా. మిస్ దగ్గర."

"ఆవిడ దగ్గరెందుకు?"

"దిద్దుతానంది."

నేను చేతులు చాపబోయాను, అలవాటుగా. నాన్న మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆయన మొహంలో కెనడా వచ్చాక చూళ్ళేదు. "భేష్! చూడనీ. తెనాలి గ్రామరంటే ఏంటో వీళ్ళనీ చూడనీ. అన్నీ కరెక్టేనందా?" అందని చెప్పాను. "అదీ!" అని టేబుల్ మీద ఒక్క చరుపు చరిచి, అమ్మవైపు తిరిగి, "ఏమోయ్, విన్నావా, కెనడా టీచరు మన నోటుబుక్కు దాచుకుందిట" అన్నాడు. నాకు అక్కడే కళ్ళు తిరిగి పడిపోతే బాగుండుననిపించింది. అప్పుడే గోడమీది బజర్ మోగింది, కింద లాబీలోంచి.

వచ్చినావిడ పేరు డయాన్. పొట్టిగా, లావుగా, చేతిలో ఫైలుతో, రొప్పుతూ వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పేసింది, అది చూసి అమ్మ కాస్త నెమ్మదించింది, ఎవరో మర్యాద తెలిసిన మనిషే అనుకుని. ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడ చెప్పింది. నాన్న అమ్మకి తెలుగులో చెప్పాడు. చెప్పీ చెప్పగానే అమ్మ లల్లిని చంకనేసుకుని బాత్రూంలోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. "ముందు ఆవిడ వెళ్ళిపోవాలి! నా పిల్లని ముట్టుకుంటే ఊరుకోను!" అని లోపల్నుంచి అరుపులు. లల్లి ఏడుపు. కొళాయికి ఏదో తగిలి నీళ్ళ చప్పుడు. డయాన్ నాన్నవైపు చూసింది. నలభై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి హాల్లో ఇస్త్రీ చొక్కాతో అలా నిలబడిపోయాడు. ఆఖరికి నేనే బాత్రూం తలుపు దగ్గరికెళ్ళి, "అమ్మా, తలుపు తియ్యవే, తియ్యకపోతే ఇంకా అనుమానపడతారే" అని బతిమాలాను. చాలాసేపటికి గడియ చప్పుడైంది.

డయాన్ నన్ను మా పడగ్గదిలోకి తీసుకెళ్ళి తలుపు చేరవేసింది. మంచం మీద నా పక్కనే కూర్చుని ఫైలు విప్పింది. అందులో నా నోటుబుక్కు. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి మెత్తగా అడగడం మొదలెట్టింది. ఈ కుక్క ఎవరిది? ఈ కుర్రాడు ఎవరు? ఇది నిజంగా జరిగిందా? "లేదండీ, గ్రామర్" అన్నాను. ఈ దొంగ ఎవరు? "గ్రామర్." తండ్రి చేత కొట్టబడిన పిల్లవాడు? "అదీ గ్రామరే, మా నాన్న చెప్పారు, పుస్తకంలో అలాగే ఉంటాయి." ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. పేజీ తిప్పింది. నా ఐదూ వచ్చాయి. స్కేలు వాక్యం మీద వేలు ఆగింది. "ఇది?"

నిజం చెబితే కారెక్కిస్తారు. లల్లిని ఒక ఇంట్లో, నన్నొక ఇంట్లో పెడతారు. అమ్మ ఆ బాత్రూంలోనే ఉండిపోతుంది. "అది కూడా నాన్న డిక్టేట్ చేసిందే" అన్నాను. "ఈ కడుపునొప్పి?" "అదీ నాన్నదే." "గోడ పలకలు?" "నాన్నదే." ఐదూ నాన్న నెత్తినే వేశాను. బళ్ళో ఒకరి వాక్యం ఇంకొకరు రాస్తేనే పేపరు చించేసే మనిషి మా నాన్న, ఆయన పేరు పెట్టి గుక్కతిప్పుకోకుండా అబద్ధం చెప్పాను. ఎప్పుడైనా కొట్టారా అని సూటిగా అడిగింది. ఎప్పుడూ లేదన్నాను. ఆవిడ నా అరచేతుల వైపు చూస్తుందేమోనని గుప్పిళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

తర్వాత ఆవిడ హాల్లోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి నాన్న కనపడుతున్నాడు. మీ అమ్మాయి ఈ యాభై వాక్యాలూ మీరే చెప్పారంటోంది, నిజమేనా అని అడిగి, నోటుబుక్కు ఆయన చేతికిచ్చింది. అవునను నాన్నా, అవునను, ఒక్కసారి అవునను అని లోపల కూర్చుని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టాను. నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి పేజీలు గబగబా తిప్పాడు, తనకి తెలిసినవే గనక. చివరి పేజీ దగ్గర ఆగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. అలవాటుకొద్దీ చెయ్యి జేబులో ఎర్రపెన్ను దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"నలభై ఐదు నావి" అన్నాడు ఇంగ్లీషులో. ఆయన గొంతులా లేదు. "ఈ ఐదూ నా కూతురివి. దే ఆర్ ట్రూ."

అయిపోయింది. నా అబద్ధం పోయింది, ఇల్లు పోయింది, అంతా పోయిందనుకున్నాను. ఆయన లేచి వంటింట్లోకెళ్ళి స్కేలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. తెనాలిలో ఎలా చెప్పేవాడో, తనకెలా చెప్పారో, ఇక్కడెలా చెబుతున్నాడో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. కర్తని ఎక్కడా మాయం చేయలేదు. ఐ హిట్ హర్, ఐ హిట్ హర్ అంటూనే ఉన్నాడు. నేను మంచం కింద దూరి లల్లి బొమ్మని కౌగిలించుకుని పడుకున్నాను. కింద దుమ్ము వాసన. ఎప్పుడు ఎవరి చేతులు నన్ను బయటికి లాగుతాయా అని చూస్తున్నాను. చివరికి లాగింది అమ్మ చేతులే. ఆవిడ వెళ్ళిపోయిందంది. నిజం చెప్పినందుకు నాన్నకి థాంక్స్ చెప్పిందట. వస్తువు పట్టుకుని పిల్లల్ని కొట్టడం ఇక్కడ కుదరదని గట్టిగానే చెప్పిందట. మళ్ళీ వస్తానందట. వచ్చింది కూడా, ఇంకో రెండుసార్లు, ఒక తెలుగావిడని వెంటబెట్టుకుని. ఆ వారాలన్నీ బజర్ మోగితే మేం నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. తర్వాత ఫైలు మూసేశామని ఉత్తరం వచ్చింది. నేను పై తరగతికి వెళ్ళాను.

ఇప్పుడు ఇక్కడ తలో వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌లలో ఎవరో ఒక పెద్దమనిషి పులిహోర కలుపుకుంటూ, "మనం దెబ్బలు తినబట్టే ఇంతవాళ్ళమయ్యాం, ఈ దేశంలో పిల్లల్ని ఏమనడానికీ లేదు" అంటాడు, పక్కనున్నవాళ్ళు తలలూపుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. మీకు కడుపునొప్పి వచ్చిందా అంకుల్, వాము నీళ్ళు తాగారా అని మొహమ్మీదే అడిగేస్తాను. మా అబ్బాయి కాల్గరీలో ఉంటాడు. వాడి కూతురికి తొమ్మిదేళ్ళు. నడుముమీద చేతులు పెట్టుకుని వాడి ఎదురుగా నిలబడి, "డాడ్, దట్స్ నాట్ ఫెయిర్" అంటుంది. అది వింటే ఇప్పటికీ నా చేతుల్లో చెమట పడుతుంది, ఇప్పుడేమవుతుందోనని. ఏమీ కాదు. వాడు నవ్వుతాడు, లేకపోతే వాదించి ఓడిపోతాడు. డయాన్ చేసింది తప్పని నేనెప్పుడూ అనను. మిస్ హార్లీ కళ్ళెర్రబడ్డది నా కోసం. నా కోసం అలా కళ్ళెర్రబడ్డవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకుని, ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, ఒక్క సంగతి మిగిలిపోయింది. దాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, లల్లికి కూడా.

డయాన్ మొదటిసారి వచ్చిన మర్నాడు శనివారం. నాన్నకి ఆ శనివారం కూడా పని ఉంది. మూడున్నరకి వచ్చాడు, స్నానం చేశాడు, కాఫీ తాగాడు. నేను అలవాటుకొద్దీ నాలుగున్నరకి పుస్తకాలు పట్టుకుని వంటింటి టేబుల్ దగ్గర కూర్చున్నాను. కడుపులో నొప్పి లేదు. అందుకని ఇంకా భయంగా ఉంది. నాన్న గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. తెల్లచొక్కా తొడుక్కోలేదు, ఇంట్లో వేసుకునే బనీనుతోనే ఉన్నాడు. లోపలికి రాలేదు. ఆయనది ఆ ఇల్లు, ఆయన కొన్నదే ఆ టేబుల్. నా మొహంలోకి చూడలేక, నా భుజం పక్కన గోడమీది పలకలవైపు చూస్తూ, తెనాలిలో ఏ పిల్లాడూ ఆయన దగ్గర వాడనంత మెత్తని గొంతుతో అడిగాడు.

"ఉమా, నేనిక్కడ కూర్చోవచ్చా అమ్మా?"

మా నాన్నకి నేనంటే భయం వేసింది. అది చూసి, బజర్ మోగినప్పుడు కూడా వేయనంత భయం వేసింది నాకు. పక్క కుర్చీలో ఉన్న నా కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన మెల్లగా వచ్చి, కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని, అంచుమీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన బతికిన నలభై రెండేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్క తప్పు దిద్దలేదు. నా కథలు ఇస్తే చదివి, బాగున్నాయమ్మా అని తిరిగి ఇచ్చేసేవాడు. వాటిలో తప్పులుండేవని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.